బొమ్మ కింది అక్షరాలు

జనవరి 8

అక్కా,

ఫోన్ చేస్తే "మెషిను చప్పుడులో ఏమీ వినపడట్లేదు, ఉత్తరం రాయి" అని పెట్టేశావు. నాకు తెలుసులే, వినపడక కాదు. నేను మాట్లాడితే ఒప్పుకోవాల్సి వస్తుందని నీ భయం. సరే, ఉత్తరమే రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నేను కాలేజీలో పిల్లలకి బొమ్మలు నేర్పడం, వాళ్ళు నేర్చుకోకపోవడం, రెండూ మామూలుగానే జరుగుతున్నాయి.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడి మ్యూజియం వాళ్ళు పాత ప్రయాణ పోస్టర్లన్నీ పోగుచేసి ప్రదర్శన పెడుతున్నారు. ఓడల కంపెనీలు, రైళ్ళ కంపెనీలు జనాన్ని ఊరించడానికి ఒకప్పుడు గోడల మీద అతికించేవి చూడు, అవి. అప్పట్లో వాన పడితే చిరిగి కాలవలో కొట్టుకుపోయేవి. ఇప్పుడు వాటికి అద్దాలు, దీపాలు, కాపలా! ఆ పని చూసే ఆవిడ మా కాలేజీకి వచ్చి ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని అడిగితే లేచి నిలబడి చెప్పాను, మా నాన్న వేసిన పోస్టర్ ఉంది, మా అక్క కుట్టుషాపులో గోడ మీద ఉంది అని. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని నా వంక చూసింది. నాన్న పేరు రాసుకుంది. పోస్టర్ పక్కన చీటీ పెట్టి వేసినవాళ్ళ పేరు రాస్తారట.

నాన్న పేరు అక్కా, మ్యూజియం గోడ మీద! ప్రెస్సులో చేరి, ప్రెస్సులోనే ముసలివారైపోయి, పోయినప్పుడు కూడా ఆ ప్రెస్సువాళ్ళు సంతాపం ఉత్తరంలో పేరు తప్పు రాశారు. స్కూల్లో నన్ను "గోడకాగితాలోడి కొడుకు" అనేవాళ్ళు, నీకు గుర్తుందో లేదో. నేను మర్చిపోలేదు.

తెల్లటి ఓడ, రెయిలింగు మీద మోచేతులు ఆనించి నవ్వే ఆ అమ్మాయి, గాలికి ఎగిరే పసుపు స్కార్ఫు, మూలన నాన్న గుర్తు, ఆ చిన్న చేప. కళ్ళు మూసుకుంటే కనపడతాయి. ఒక్కటే బాధ. కింద ఆ అక్షరాల పట్టీ. "అంతా సిద్ధం, మీరే రావాలి" అని, దాని కింద కంపెనీ పేరు, టిక్కెట్లు దొరికే చోటు. అంత అందమైన బొమ్మకి అదొక మచ్చ. దాని సంగతి నేను చూసుకుంటానులే. నువ్వు జాగ్రత్తగా చుట్టి పంపు.

బావగారిని అడిగానని చెప్పు.

తమ్ముడు


జనవరి 17

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నా మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరం కులాసా. మీ బావ రిటైరయ్యాక షాపులోనే కూర్చుని కత్తిరింపు ముక్కలన్నీ రంగుల వారీగా వేరు చేస్తున్నాడు. ఎందుకని అడక్కు, ఆయనకే తెలీదు.

పోస్టర్ పంపమని ఎంత తేలిగ్గా అనేశావురా! అది గోడ మీద లేకపోతే నా షాపు షాపులా ఉండదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు చేతులు చాపి నిలబడి దాన్నే చూస్తారు. "ఈ ఊరెక్కడండీ, మీరు వెళ్ళారా?" అంటారు. ఆ కాగితం మీద పనిచేసిన మా నాన్నే వెళ్ళలేదమ్మా, నేనెక్కడ వెళతాను అంటాను. నిజమేగా, ఆయన జన్మలో ఓడ ఎక్కలేదు, ఎక్కినవాళ్ళని చూసి కుళ్ళుకోనూ లేదు. వెనకాల గుడ్డ అతికించింది కూడా నాన్నే, జిగురు కాచింది నేను. నేను అంచులు పట్టుకుంటే ఆయన అరచేత్తో నిమురుతూ ఒక్క బుడగ లేకుండా అతికించాడు. అందుకే ఇంతకాలం చిరక్కుండా ఉంది.

ఇంకోమాట. కళ అని తెగ మురిసిపోయావు. కళ కాదని నేననను. కానీ అది టిక్కెట్లు అమ్ముకోవడానికి వేసిన కాగితంరా. ఆ అమ్మాయి నవ్వేది నీ ముఖం చూసి కాదు, నీ జేబు చూసి. నాన్నకి ఆ సంగతి తెలుసు, ఆయనకేం నామోషీ లేదు. నీకెందుకు? అక్షరాల్ని మచ్చ అన్నావు చూడు, అది నాకు బాగా గుచ్చుకుంది. ఆ అక్షరాలు లేకపోతే ఆ అమ్మాయెవరో, ఎక్కడికి పోతోందో మనకెందుకు?

పంపాలో వద్దో కాస్త ఆలోచించుకోనీ. మరదలికి నడుంనొప్పి తగ్గిందా? బరువులు ఎత్తనివ్వకు.

అక్క


జనవరి 26

అక్కా,

నువ్వు కుట్టేది బట్టలే అయినా మాటల్లో సూది బాగా పెడతావు. మీ మరదలి నడుం ఫరవాలేదు.

కోపం తెచ్చుకోకుండా విను. నాన్న కళాకారుడు. పొట్ట కోసం కంపెనీలకి పనిచేశారు, అంతే. బొమ్మ ఆయనది, అమ్మకం వాళ్ళది. చిన్నప్పుడు నేను ఆయన బల్ల పక్కనే కూర్చునేవాణ్ణి కదా, ఎదురుగా చిన్న అద్దం పెట్టుకునేవారు. కుంచెతో గీయడం, అద్దంలో చూడడం, మళ్ళీ గీయడం. పెద్ద పెద్ద చిత్రకారులందరూ అంతే చేస్తారు, వేసిన బొమ్మని అద్దంలో చూసుకుంటే తప్పులు బయటపడతాయి. మా పిల్లలకి ఏటా మొదటి క్లాసులో నాన్న అద్దం గురించే చెబుతాను. క్లాసంతా నిశ్శబ్దంగా వింటారు.

ఇక ఆ అక్షరాలంటావా, ప్రెస్సులో ఎవడో రోజుకూలీవాడు రాసి ఉంటాడు. కుంచె పట్టుకోవడం వచ్చిన ప్రతివాడూ రాసేవే అవి. తన బొమ్మ కింద వాటిని చూసినప్పుడల్లా నాన్నకి ఎంత ఒళ్ళు మండేదో! ఆయన పైకి చెప్పుకునే మనిషి కాదు. నీకు తెలీదు, నాకు తెలుసు.

ఫ్రేము చేయించేశాను. కొలత ఈ కాగితం వెనక రాశాను. బొమ్మ వరకే పడుతుంది, అక్షరాలు వెనక్కి మడిచేస్తే ఎవరికీ కనపడవు. నాన్న చిత్రకారుడని మ్యూజియం ఆవిడకి రాసి, సంతకం పెట్టి ఇచ్చేశాను కూడా. ఇప్పుడు పోస్టర్ రాకపోతే నా తల ఎక్కడ పెట్టుకోను? నా కోసం వద్దు, నాన్న కోసం పంపు.

తమ్ముడు


ఫిబ్రవరి 5

తమ్ముడూ,

పంపుతున్నాను. నీ కొలత టేపు పెట్టి చూసుకున్నాను. నీ ఫ్రేములో సరిగ్గా పడుతుంది, మడవక్కర్లేదు. నీకు కావాలన్నది మొత్తం ఉంది. వద్దన్నది లేదు.

గోడ మీద అది ఉన్నంత మేర తెల్లగా మిగిలింది. మీ బావ అక్కడ క్యాలెండరు తగిలిద్దామన్నాడు. వద్దన్నాను.

అందినట్టు రాయి.

అక్క


ఫిబ్రవరి 16

అక్కా,

ఏం చేశావు నువ్వు? అసలేం చేశావు?

గొట్టంలోంచి తీసి పరిచేసరికి కింద అక్షరాల పట్టీయే లేదు. మడుస్తానన్నానుగానీ కొయ్యమన్నానా? అదేమన్నా పొడుగెక్కువైన కర్టెను అనుకున్నావా, కొలతకి మించిందని కత్తెర పెట్టడానికి?

అలాగే మ్యూజియానికి పట్టుకెళ్ళాను. ఆవిడ బల్ల మీద పరిచి, కోసిన అంచు మీద వేలు పోనిచ్చి, "అయ్యో!" అంది. "అక్షరాలు లేకపోతే ఇది పోస్టర్ కాదండీ మాస్టారూ. ఏ ఊరికి, ఏ కంపెనీకి, ఎవరిని రమ్మనడానికి? మిగిలింది బొమ్మ ముక్క. ఇది మేం పెట్టలేం" అంది. మా అక్క దర్జీ అండీ, ఆమెకి ఇవన్నీ తెలీవు అన్నాను. ఏం చెప్పమంటావు మరి? జీవితమంతా గుడ్డలు కత్తిరించిన చేతికి ఏది దొరికినా గుడ్డే. నీకు కొలత పంపడం నా బుద్ధితక్కువ.

అయినా నాన్నకి అన్యాయం జరగనిస్తానా? ఆ బొమ్మకే ఫ్రేము కట్టించి మా కాలేజీ హాల్లో పెట్టించాను. నిన్న ప్రిన్సిపాల్ గారు తెర లాగారు. కింద ఇత్తడి పలక మీద "చిత్రకారుడు" అని నాన్న పేరు. పేపరువాళ్ళొచ్చి ఫోటో తీశారు. నాకు కళ్ళమ్మట నీళ్ళాగలేదు. నువ్వు కూడా ఉంటే బాగుండుననిపించింది, ఆ ఒక్క నిమిషం. తర్వాత ఆ కోసిన అంచు గుర్తొచ్చి మళ్ళీ మండింది.

ఆ ముక్క చెత్తలో వెయ్యకుండా ఉంటే వెంటనే పంపు. అతికించడానికి వీలవుతుందేమో అడిగి చూస్తాను.

తమ్ముడు


ఫిబ్రవరి 24

మాస్టారు గారికి,

అవును, నేను దర్జీనే. ఏది ఎక్కడ కొయ్యాలో తెలిసే కోస్తాను. ఆ అంచు చూశావుగా, ఎక్కడైనా వంకర పోయిందా?

ముక్క చెత్తలో లేదు, నా దగ్గరుంది. పంపను. మచ్చ అన్నావు, రోజుకూలీవాడి రాత అన్నావు, వెనక్కి మడిచేస్తానన్నావు. ఆవిడెవరో అయ్యో అనేసరికి ఇప్పుడు కావాల్సి వచ్చిందా?

నాన్న గురించి నీకు తెలీదు, నాకు తెలుసు అని ఎంత ధైర్యంగా రాశావురా! చివర్లో ఆయన చెయ్యి వణికి గ్లాసు పట్టుకోలేకపోతే తాగించింది నేను. ఆ చేత్తోనే నా షాపు బోర్డు రాస్తానని పట్టుబట్టి, గీత నిలవక, కుంచె విసిరికొట్టి పసిపిల్లాడిలా ఏడిస్తే ఊరుకోబెట్టింది నేను, మీ బావ. నీకప్పుడు పరీక్ష పేపర్లు దిద్దే పని, సెలవు దొరకలేదు. పోయాక వచ్చి ఆయన గొప్పతనం గురించి అందరికీ చెప్పావు. బాగానే చెప్పావు, వెనకాల నిలబడి నేనూ విన్నాను.

ఆ ఇత్తడి పలక తీయించు. ఎందుకని అడక్కు. అక్కని, చెబుతున్నాను, తీయించు.

మరదల్ని వేడినీళ్ళతో కాపడం పెట్టుకోమను.

అక్క


మార్చి 3

అక్కా,

ఇప్పుడర్థమైంది నీ బాధ. పలక మీద "కుమారుడు ఇచ్చినది" అని నా పేరొక్కటే ఉంది. పేపర్లో చూసి ఉంటావు. నిజమే, నా పొరపాటే, నీ పేరు కూడా చేర్పిస్తాను. అంతమాత్రానికి నాన్న పేరే పీకెయ్యమంటావా? ఇంత అసూయ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నావు? చిన్నప్పుడు నాన్న నన్ను బల్ల పక్కన కూర్చోబెట్టుకుని నిన్ను జిగురు కాచమనేవారు, అదింకా కడుపులో పెట్టుకున్నావా?

పదో తారీఖున ప్రదర్శన మొదలు. ఏప్రిల్ ఆఖరు దాకా ఉంటుంది. నాన్న లేని ప్రదర్శన. పిలిచారు కాబట్టి మొహం వేలాడేసుకుని వెళతాను.

తమ్ముడు


మార్చి 12

అక్కా,

రాసి చింపేశాను, మళ్ళీ రాస్తున్నాను.

ప్రదర్శనకి వెళ్ళాను. గదిలో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద మన అమ్మాయి. అదే నవ్వు, అదే రెయిలింగు, అదే స్కార్ఫు, కాకపోతే ఎరుపు. వేరే కంపెనీ, వేరే ఊరు. మూలన అదే చేప. పక్కన చీటీ మీద ఇంకెవరిదో పేరు. ఇదేంటండీ అని మ్యూజియం ఆవిణ్ణి అడిగాను. "ఆ చేప ఆయన గుర్తని మాకూ మొన్ననే తేలింది మాస్టారూ. మహా గడుసువాడు, ఒక్క అమ్మాయినే అరడజను కంపెనీలకి అమ్మాడు" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. "మీ నాన్నగారు వేసినవి వేరే ఉన్నాయేమోలెండి" అంది. ఎంత మర్యాదగా అందో! ఆ మర్యాదకి చచ్చిపోవాలనిపించింది.

అక్కణ్ణుంచి కదల్లేక, బొమ్మలు చూడబుద్ధి కాక, కిందకి చూస్తూ నడిచాను. కొండలు, రైళ్ళు, ఇసుక తీరాలు, మంచు. వేసినవాళ్ళు వేరువేరు. కింద అక్షరాలు మాత్రం గోడ తర్వాత గోడ అదే చెయ్యి. తలకట్టు చివర చిన్న విరుపు, కాస్త కోలగా సున్నా. అక్కా, నా స్కూలు పుస్తకాల అట్టల మీద నా పేరు ఆ చెయ్యే రాసేది. ప్రతి చీటీ మీదా ఒకటే మాట. "అక్షరాలు: ఎవరివో తెలియదు."

నీకు తెలుసా? ముందునుంచీ తెలుసా?

తమ్ముడు


మార్చి 20

ఒరేయ్,

తెలుసు.

ఆ ప్రెస్సులో బొమ్మ ఒకరు వేస్తే అక్షరాలు ఇంకొకరు రాసేవాళ్ళు. నాన్న అక్షరాల మనిషి. అచ్చుకి వెళ్ళే రాతిపలక మీద అక్షరాన్ని తిరగేసి రాయాలి, కాగితం మీద పడేసరికి తిన్నగా పడాలి. అందుకే ఆ అద్దం. తిరగబడ్డ అక్షరాలు చిన్నప్పుడు నీకు బొమ్మల్లాగే కనపడేవి. నువ్వు ఏటా మొదటి క్లాసులో చెబుతావే, ఆ అద్దం. "బొమ్మ మనిషిని నిలబెడుతుందే, అక్షరం ఓడ ఎక్కిస్తుంది" అనేవాడు. అదీ ఆయన గొప్ప. ఒళ్ళు మండడం కాదు, ఆ పట్టీ చూసుకుని మీసం దువ్వుకునేవాడు.

నువ్వు ఒకరోజు స్కూల్నుంచి పరిగెత్తుకొచ్చి "మా నాన్న ఓడ బొమ్మ వేశాడని అందరికీ చెప్పేశానోచ్" అన్నావు. నాన్న నవ్వి ఊరుకున్నాడు. కాదని చెప్పమని నేనంటే, "వాడి ముఖం చూశావా ఎలా వెలిగిపోతోందో! పెద్దయ్యాక వాడికే తెలుస్తుందిలే, నువ్వు చెప్పకు" అన్నాడు. పెద్దయ్యావు, మాస్టారివయ్యావు. తెలుసుకోలేదు. చివర్లో ఒకసారి నన్నడిగాడు, "వాడికింకా తెలీదా?" అని. తెలుసు నాన్నా అని అబద్ధం చెప్పాను.

రోజుకూలీవాడి రాత అని నువ్వు రాసినరోజు ఆ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని మెషిను ముందు అలాగే కూర్చుండిపోయాను. మీ బావ టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది. ఎవడిదో బొమ్మ ముందు పెట్టి, నాన్నని వెనక్కి మడిచి, దాని పక్కన నాన్న పేరు రాయిస్తానంటావా? కోపంతో కళ్ళు కనపడలేదు నాకు. కోసింది అందుకు, కొలత కోసం కాదు. నీకు ఇష్టమైనవాణ్ణి నీకు పంపాను. మా నాన్నని నేనుంచుకున్నాను.

సరే, అయిందేదో అయింది. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఆ అక్షరాలు మా నాన్నవి అని చెప్పు. గోడల నిండా ఉన్నాడు ఆయన, పేరొక్కటే లేదు. మ్యూజియం గోడ మీద నాన్న పేరుండాలని ఏడ్చింది నువ్వేగా? నోరు తెరువు చాలు.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

మ్యూజియం మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ వచ్చేశాను. ఏమని చెప్పను? నాన్న చిత్రకారుడని సంతకం పెట్టి ఇచ్చాను. పేపర్లో ఫోటో వచ్చింది. ప్రిన్సిపాల్ గారు ఆ పలక పక్కన నిలబడి కళ గురించి గంటసేపు దంచారు. ఇప్పుడెళ్ళి, కాదండీ, బొమ్మ ఇంకొకాయనది, మా నాన్న కింద టిక్కెట్ల సంగతి రాశారు అంటే? పిల్లలు నా వెనక నవ్వుకోరా? ఆ అద్దం కథ ఎంతమందికి చెప్పానో తలుచుకుంటే ముద్ద దిగట్లేదు.

అక్షరాలు రాసేవాడి కొడుకునని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నన్ను నమ్ము. ఇన్నేళ్ళూ అబద్ధమాడానని ఒప్పుకోవడానికే సిగ్గు. నువ్వు చిన్నప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది కదా! నాన్న వద్దంటే మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలా?

కాస్త టైమివ్వు. అయినా ఆ చీటీలు ఎవరు చదువుతారు చెప్పు? జనం బొమ్మలే చూస్తున్నారు.

తమ్ముడు


ఏప్రిల్ 15

తమ్ముడూ,

నేనే వెళ్ళాను. మీ ఊరొచ్చి మీ గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోయానని మరదలితో చెప్పకు, బాధపడుతుంది.

నా చేతిసంచిలో ఆ పట్టీ పెట్టుకుని వెళ్ళాను. నువ్వు రాసినట్టే ఉంది, గోడల నిండా నాన్నే. ఒక మంచుకొండ కింద "చలి మాది, వెచ్చదనం మీది" అని రాశాడు. అది రాస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, వేసవికాలం, చొక్కా విప్పేసి చెమటలు కక్కుతూ రాశాడు. అక్కడే నిలబడి నవ్వాను, ఏడ్చాను కూడా. కాపలా ఆయన వచ్చి ఒంట్లో బాగాలేదా అమ్మా అన్నాడు.

ఆవిణ్ణి పిలిపించి సంగతంతా చెప్పాను. మంచి మనిషే. పట్టీ తీసుకుని గోడ మీద అక్షరాల పక్కన పెట్టి చూసింది. "చెయ్యి ఒకటేనండీ, కాదనను. కానీ ఆ చెయ్యి మీ నాన్నగారిదని ఎలా రాయను? మీ తమ్ముడుగారు సంతకం పెట్టి మరీ బొమ్మలు వేశారన్నారు. అది తప్పని తేలింది. ఇప్పుడు మీరొచ్చి అక్షరాలంటున్నారు. రేపు మీ ఇంట్లోంచే ఇంకొకరొచ్చి ఆ ఓడ నడిపింది కూడా ఆయనేనంటే నేనేం చెయ్యను? పైగా ఇది కోసిన ముక్క, ఎక్కడిదని నన్నడిగితే?" అంది. నా చెవులు మండిపోయాయి. నాకు కోపం ఆవిడ మీద రాలేదు.

ఒక దారి చెప్పింది. మనిద్దరం కలిసి వెళ్ళాలి. మొదట రాసిచ్చింది తప్పని నువ్వు రాసివ్వాలి. నీ బొమ్మ, నా పట్టీ పక్కపక్కన పెట్టి అంచులు కలిపి చూపించాలి. అప్పుడు చీటీలన్నీ మారుస్తానంది. ప్రదర్శన అయ్యేలోపు.

ఒరేయ్ చిన్నోడా, నాన్న నిన్ను పిలిచినట్టే పిలుస్తున్నాను. కోసింది నేను. ఆ మాట ఆవిడ ముందు నేనే చెబుతాను, నా మీదే తోసెయ్యి. నువ్వు ఆ ఫ్రేము దింపి పట్టుకురా. ఏ రోజంటే ఆ రోజు వస్తాను.

అక్క


ఏప్రిల్ 24

అక్కా,

ప్రిన్సిపాల్ గారిని కదిపి చూశాను. "ఎందుకండీ తియ్యడం, వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే?" అన్నారు. కారణం చెప్పాలి కదా. నోటిదాకా వచ్చింది, రాలేదు.

నేను బాగా ఆలోచించాను. "చిత్రకారుడు" అన్న మాట పూర్తిగా అబద్ధమని ఎందుకనుకోవాలి? అక్షరం మాత్రం చిత్రం కాదా? ప్రకటన మాత్రం కళ కాదా? నువ్వే అన్నావు కదా, ఆ అక్షరాలు లేకపోతే ఆ బొమ్మకి అర్థమే లేదని. ఆ లెక్కన నాన్న ఆ బొమ్మలో ఉన్నట్టే. మా హాల్లో రోజూ వందలమంది నాన్న పేరు చదువుతున్నారు. మ్యూజియంలో మూలన ఒక చీటీ కంటే ఇదేం తక్కువ?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నువ్వు కొయ్యకుండా ఉంటే ఇంత రభస జరిగేది కాదు. నాన్న బతికుంటే ఆయనే ఊరుకోమనేవారు, నా ముఖం చూసి.

మండువేసవిలో నువ్వు ప్రయాణాలు పెట్టుకోకు, మోకాళ్ళు జాగ్రత్త.

తమ్ముడు


మే 3

తమ్ముడూ,

ప్రదర్శన మూసేశారని ఆవిడ కార్డు రాసింది. పోస్టర్లన్నీ చుట్టి, చీటీలతో సహా లోపలి గదిలో పెట్టేశారట. మళ్ళీ ఎప్పుడు తీస్తారో చెప్పలేనంది. మీరిద్దరూ వస్తారని ఆఖరిరోజు సాయంత్రం దాకా చూశానని కూడా రాసింది.

నీ ముఖం చూసి నాన్న ఊరుకునేవాడన్నావు. అవును, ఊరుకునేవాడు. జీవితమంతా ఊరుకున్నాడు, నీ ముఖం వెలిగితే చాలని. అది ఆయన నీకిచ్చింది. నువ్వు దాన్ని తిరిగి ఆయన నోటికే అడ్డం పెట్టావు.

నన్ను నేను వెనకేసుకురానులే. నేను కొయ్యకుండా ఉంటే, నువ్వు నోరు విప్పకపోయినా ఆ పోస్టర్ పట్టుకెళ్ళి ఆవిడ ముందు నిలబడేదాన్ని. నువ్వు సంతకం పెట్టకుండా ఉంటే, ముక్క పట్టుకెళ్ళినా ఆవిడ నా మాట నమ్మేది. ఇద్దరిలో ఒక్కళ్ళం బుద్ధిగా ఉన్నా సరిపోయేదిరా. ఊరూ పేరూ తెలీని కంపెనీలు ఆయన్ని వాడుకుని వదిలేశాయని ఏడ్చాం. కంపెనీలకేం తెలుసు? పేరు తుడిపేసింది కన్నపిల్లలం మనం.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. మరదలికి ఒంట్లో బాగాలేకపోతే మీ బావకి ఫోన్ చెయ్యి, ఆయన ఎత్తుతాడు.

ఆ చీటీల మీద ఎవరివో తెలియదని రాసి ఉంది. తెలిసినవాళ్ళం ఇద్దరం ఉన్నాం. ఇద్దరం బతికే ఉన్నాం.

అక్క